ఆ ఒక్క మాట అనకండి: పోలీస్ స్టేషన్ల ఎస్‌ఐ, సీఐ గార్లకు ఒక టీచరు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో ప్రతి పోలీస్ స్టేషన్ బాధ్యత మోస్తున్న ఎస్‌ఐ, సీఐ గార్లకు,

నమస్కారం.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పి రిటైరైన మనిషిని. మీలో చాలామంది నాలాంటి టీచర్ల దగ్గరే చదువుకుని ఈ ఉద్యోగంలోకి వచ్చి ఉంటారు. ఆ చనువుతోనే రాస్తున్నాను.

నా దగ్గర ఒక పాస్‌పోర్ట్ సైజు ఫొటో ఉంది. పదో తరగతి పరీక్షలకు నామినల్ రోల్స్ పంపేటప్పుడు పిల్లల దగ్గర ఫొటోలు తీసుకుంటాం కదా, అందులో మిగిలిపోయిన ఫొటో. రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. స్టూడియో అతను నవ్వొద్దన్నట్టున్నాడు, నవ్వు ఆపుకుంటున్న పెదాలు. పై మూలన స్టేప్లర్ పిన్ను గుచ్చిన రెండు చిల్లులు, వాటి చుట్టూ తుప్పు మరక. ఆ పిల్ల ఫొటో ఆ ఇంట్లో ఒక్కటి కూడా లేదు. కంప్లైంటుకి జత చెయ్యడానికి ఫొటో తెమ్మని స్టేషన్లో అడిగితే, వాళ్ళమ్మ బడికి వచ్చి నన్నడిగింది. ఉన్న రెండిట్లో ఒకటి ఇచ్చాను. రెండోది ఇదిగో, ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అది 2012 ఫిబ్రవరి. మా బడి ఉన్నది మిర్చి పండే మండలంలో. ఊరి పేరు రాయను, ఆ తల్లి ఇంకా ఆ ఊళ్ళోనే బతకాలి. పదో తరగతి పిల్లలకి సాయంత్రం స్టడీ అవర్ పెట్టేవాళ్ళం. ఆరింటికి వదిలేస్తే ఈ పిల్ల, వాళ్ళ పేటలోనే ఉండే ఇంకో పిల్ల కలిసి కాలవగట్టు మీదుగా రెండు కిలోమీటర్లు నడిచి ఇంటికి వెళ్ళేవాళ్ళు. ఆ రోజు రెండో పిల్లకి జ్వరం, బడికి రాలేదు. ఈ పిల్ల ఒక్కతే బయల్దేరింది. ఇంటికి చేరలేదు.

రాత్రి తొమ్మిదింటికి వాళ్ళమ్మ మా గుమ్మంలోకి వచ్చింది. పొద్దుటి నుంచీ కోతలో ఉండి వచ్చిందేమో, ఒళ్ళంతా మిరప ఘాటు. ఏడుస్తోంది, కానీ ఆ చేతులతో కళ్ళు తుడుచుకుంటే మండిపోతాయి. అందుకని మోచేతులతో తుడుచుకుంటోంది. అలా ఏడ్చే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

మీకు ఉత్తరం రాసే ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. ఆ రాత్రి నేను ఆమెను అడిగిన మొదటి ప్రశ్న, "ఎవరైనా అబ్బాయితో మాట్లాడుతుండేదా?" అని. ఏ దారిన వెళ్ళింది, ఎవరు చూశారు, కాలవ దగ్గర వెతికారా, ఇవేమీ అడగలేదు. మూడేళ్ళు నా ఎదురుగా బెంచీ మీద కూర్చుని పద్యాలు అప్పజెప్పిన పిల్ల గురించి, ఒక టీచర్ని, ఆడదాన్ని, నా నోట్లోంచి ముందు వచ్చిన మాట అది.

ఆ రాత్రి స్టేషన్‌కి వెళ్తే రైటర్ గారు ఒక్కరే ఉన్నారు. మిగతా స్టాఫ్ అంతా జాతర బందోబస్తుకి వెళ్ళారు. తెల్లారి ఎస్‌ఐ గారు వచ్చి విషయం విని, చెడ్డగా ఏమీ కాదు, ధైర్యం చెప్తున్నట్టే అన్నారు: "ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుందిలేమ్మా. రెండ్రోజులు చూడండి. అదే వస్తుంది."

ఈ ఉత్తరం అంతా ఆ మాట గురించే.

ఎఫ్‌ఐఆర్ కట్టింది ఐదో రోజున. "గర్ల్ మిస్సింగ్" అని రాశారు. ఈలోగా కాలవకి వంతు నీళ్ళు వదిలారు. గట్టు మీద మిర్చి బస్తాల ట్రాక్టర్లు ఇటూ అటూ తిరిగాయి. ఏదైనా గుర్తు ఉండి ఉంటే అది నీళ్ళలోనో చక్రాల కిందో పోయింది.

నష్టం అక్కడితో ఆగలేదు. ఎస్‌ఐ గారి నోట్లోంచి వచ్చిన మాట సాయంత్రానికల్లా ఊళ్ళో వార్తైపోయింది. పిల్ల లేచిపోయిందట, సాక్షాత్తూ పోలీసులే అన్నారట. రెండు నెలల తర్వాత మేకలు కాసే ఒక పెద్దాయన మా బడి ముందు నుంచి వెళ్తూ ఆగి, ఆ రోజు సాయంత్రం కాలవ తూము దగ్గర ఒక వ్యాను ఆగి ఉండటం చూశానని చెప్పాడు. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదయ్యా అంటే, "లేచిపోయిందన్నారు కదమ్మా, మనకెందుకొచ్చిన గొడవలే అనుకున్నా" అన్నాడు. ఆయన్ని వెంటబెట్టుకుని స్టేషన్‌కి తీసుకెళ్ళాను. స్టేట్‌మెంట్ రాసుకున్నారు. వ్యాను రంగు అడిగితే తెలుపో బూడిదో అన్నాడు. నంబరు గుర్తు లేదు. రెండు నెలల తర్వాత ఎవరికి మాత్రం గుర్తుంటుంది?

సార్, ఆ మాట మీకు ఊరికే అన్న మాట. సాక్షి నోటికి మాత్రం అదే తాళం.

ఇప్పుడు మీకు తెలిసిన చట్టమే మీకు చెప్తున్నానని కోప్పడకండి. 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే. కిడ్నాపో, అక్రమ రవాణానో జరిగిందని మొదట అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలి. కాదని తేలితే అప్పుడు కాదనొచ్చు. స్టేషన్లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు: ప్రేమ వ్యవహారమని ముందు అనుకుని, నేరమని తేలాక పరిగెత్తడం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే కదా.

అదే ఏడాది నవంబరు 12న లలితా కుమారి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇచ్చిన తీర్పు మీ ట్రైనింగులో చదువుకునే ఉంటారు. కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసులు అరెస్టు చెయ్యగల నేరం గురించి సమాచారం వస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అన్న తీర్పు. ఈరోజుకీ చాలా రకాల కేసులకు అదే ఆధారం. కానీ ఆ కేసు మొదలైంది ఎక్కడంటారా? ఉత్తరప్రదేశ్‌లో మైనర్ కూతురు కనబడక, స్టేషన్లో కేసు కట్టకపోతే ఒక తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. అక్కడ.

పోనీ, మీరన్నదే నిజం అనుకుందాం. పదిహేనేళ్ళ పిల్ల ఎవరితోనో ఇష్టపడే వెళ్ళిందనుకుందాం. అప్పుడు మాత్రం అది నేరం కాకుండా పోతుందా? పద్దెనిమిది నిండని పిల్లని తల్లిదండ్రుల సంరక్షణ నుంచి తీసుకెళ్తే, ఆమె ఇష్టంతో వెళ్ళినా సరే, నిన్నటి ఐపీసీ 363 ప్రకారమూ కిడ్నాపే, ఇవాళ్టి భారతీయ న్యాయ సంహిత 137 ప్రకారమూ కిడ్నాపే. అంటే "ఎవరితోనో వెళ్ళిపోయి ఉంటుంది" అన్న మాటే ఎఫ్‌ఐఆర్ కట్టడానికి కారణం. దాన్ని కట్టకపోవడానికి కారణంగా ఎట్లా వాడుతున్నారో ఇన్నేళ్ళుగా నాకు అర్థం కాలేదు.

2019 ఏప్రిల్ చివర్లో టీవీలో హాజీపూర్ వార్త వచ్చిన రాత్రి నేను నిద్రపోలేదు. యాదాద్రి భువనగిరి జిల్లా, బొమ్మలరామారం మండలం. పద్నాలుగేళ్ళ పిల్ల, స్పెషల్ క్లాసులకని వెళ్ళి తిరిగి వస్తూ కనబడకుండా పోయింది. ఊరికి సరైన బస్సు లేదు. పిల్లలు నడిచో, బండి మీద ఎవరైనా ఎక్కించుకుంటేనో ఇల్లు చేరాలి. లిఫ్ట్ ఇస్తానన్నవాడు ఊరివాడే. పాడుబడ్డ బావిలో ఆ పిల్ల శవం దొరికింది. ఇంకా తవ్వితే, మార్చిలో కనబడకుండా పోయిన డిగ్రీ అమ్మాయి అవశేషాలు బయటపడ్డాయి. తర్వాత ఇంకో బావిలో, 2015లో మాయమైన పదకొండేళ్ళ పాప ఎముకలు.

2015 నుంచి 2019 దాకా, నాలుగేళ్ళు. ఆ నాలుగేళ్ళూ ఆ పాప కన్నవాళ్ళకి మిస్సింగ్. వాళ్ళు ఎదురుచూస్తూనే ఉన్నారు. పాప ఆ చుట్టుపక్కలే ఒక బావి అడుగున ఉంది. 2015లోనే ఆ బావులన్నీ వెతికి ఉంటే, ఆ దారిలో ఎవరు ఎవరికి లిఫ్ట్ ఇస్తున్నారో ఒక్కొక్కరినీ అడిగి ఉంటే, తర్వాతి ఇద్దరూ ఈరోజు ఉండేవాళ్ళేమో అన్న ఆలోచన నన్ను వదలదు. 2020 ఫిబ్రవరి 6న నల్గొండ కోర్టు దోషికి ఉరిశిక్ష వేసింది. పేపర్లు పెద్ద పెద్ద అక్షరాలతో వేశాయి. శిక్ష గురించి అందరూ మాట్లాడారు. ఆ నాలుగేళ్ళ గురించి మాట్లాడినవాళ్ళు నాకు పెద్దగా కనబడలేదు.

నోయిడాలోని నిఠారీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. 2006 డిసెంబరులో ఒక ఇంటి వెనక కాలవలో పిల్లల ఎముకలు బయటపడక ముందు, ఆ పేద తల్లిదండ్రులు చెప్పులరిగేలా స్టేషన్ చుట్టూ తిరిగినవాళ్ళే. చివరికేమైంది? నిందితులిద్దరూ ఒక్కో కేసులో నిర్దోషులుగా బయటికొచ్చి, 2025 నవంబరులో సుప్రీంకోర్టు ఆఖరి కేసులో శిక్షను కూడా కొట్టేసింది. అంతమంది పిల్లల్ని ఎవరు చంపారన్న ప్రశ్నకి ఈ దేశం దగ్గర ఇప్పుడు జవాబు లేదు. మొదటి రోజుల్లో చేజారిన ఆధారాన్ని ఇన్నేళ్ళ తర్వాత ఏ కోర్టూ తెచ్చివ్వలేదు.

మీ కష్టం నాకు తెలియదని అనుకోకండి. నా తమ్ముడి కొడుకు కానిస్టేబుల్. పండగ లేదు, ఇల్లు లేదు, ఒక మంత్రిగారు వస్తున్నారంటే రెండు రోజులు రోడ్డు మీదే. ఉన్న నలుగురు స్టాఫ్‌తో మీరు ఎన్ని పనులు చెయ్యాలో చూస్తూనే ఉన్నాను. మీ దగ్గరికి వచ్చే మిస్సింగ్ కేసుల్లో చాలామంది పిల్లలు నాలుగు రోజుల్లో తిరిగొస్తారన్నది కూడా నిజమే. అమ్మ తిట్టిందనో, మార్కులు తగ్గాయనో వెళ్ళినవాళ్ళు, నిజంగానే ఎవరినో నమ్మి వెళ్ళినవాళ్ళు. వంద ఇళ్ళలో ఆ మాట నిజమవుతుంది కాబట్టే నూట ఒకటో ఇంట్లో కూడా అదే అలవాటుగా వచ్చేస్తుంది. కానీ ఆ నూట ఒకటో ఇల్లు ఏదో మొదటి రోజున చూసి చెప్పగలిగేవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?

నేషనల్ క్రైమ్ రికార్డ్స్ బ్యూరో లెక్కల ప్రకారం 2022లో దేశం మొత్తం మీద 83,350 మంది పిల్లలు కనబడకుండా పోయారు. అందులో 62,946 మంది ఆడపిల్లలు. నలుగురిలో ముగ్గురు. ఇంతమంది ఆడపిల్లలూ లేచిపోయినవాళ్ళేనా? ఇళ్ళలో పనికని, సినిమా ఛాన్సులని, పెళ్ళని చెప్పి అమ్మేసినవాళ్ళు ఎందరు? నమ్మించి తీసుకెళ్ళి ఎక్కడో వదిలేస్తే, ఇంటికొస్తే చంపేస్తారన్న భయంతో ఆగిపోయినవాళ్ళు ఎందరు? ప్రేమించి వెళ్ళినా ఆ పిల్ల ఆపదలోనే ఉండొచ్చు కదా. ప్రేమ అనగానే వెతకడం ఆపెయ్యడం ఎందుకు?

ఆ మాట వల్ల ఇంకో అన్యాయం జరుగుతోంది. మీరు అంటారని తెలిసే తల్లిదండ్రులు మీ దగ్గరికి రావడం లేదు. పరువు పోతుందని రెండు మూడు రోజులు గుట్టుగా చుట్టాల ఇళ్ళకి ఫోన్లు చేసుకుంటారు. ఊళ్ళో ఎవరైనా అడిగితే అమ్మమ్మగారింటికి వెళ్ళిందని అబద్ధం చెప్తారు. పుణ్యకాలం కాస్తా అలా గడిచిపోతుంది. ఈలోగా సెంటర్లో కిరాణా కొట్టు సీసీ కెమెరాలో పాత రికార్డింగు చెరిగిపోయి కొత్తది ఎక్కేస్తుంది. స్టేషన్‌కి వెళ్తే మన పిల్ల క్యారెక్టర్ గురించి అడగరు, ముందు పిల్లని వెతుకుతారు అన్న నమ్మకం ఉంటే, ఆ తండ్రి రాత్రికి రాత్రే మీ గేటు దగ్గర ఉంటాడు.

ఫిర్యాదు వచ్చిన రాత్రే కేసు కట్టండి. మీ పరిధి కాకపోతే జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి పంపండి. కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 173వ సెక్షన్ కింద అది మీ బాధ్యతే. ఇది మా లిమిట్స్ కాదంటూ తిప్పితే ఏమవుతుందో 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన ఘోరం తర్వాత అందరం చూశాం. ఎఫ్‌ఐఆర్ ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చెయ్యాల్సి వచ్చింది. కాపీ తల్లిదండ్రుల చేతికివ్వండి. ఇద్దరు కానిస్టేబుళ్ళను టార్చిలైట్ ఇచ్చి ఆ పిల్ల నడిచిన దారిలో పంపండి. ఆటో స్టాండు, ఆఖరి బస్సు కండక్టరు, కాలవ, బావులు. ఊళ్ళోకి పోలీసు జీపు వచ్చి వెతుకుతోందంటే, చూసినవాడు చూసింది చెప్తాడు. నాకు ఆ మేకలాయన గుర్తొచ్చినప్పుడల్లా ఇదే అనిపిస్తుంది. ఆ మర్నాడు జీపు కాలవగట్టు మీదికి వచ్చి ఉంటే, ఆయన అక్కడే ఉన్నాడు. మేకలు ఎక్కడికి పోతాయి?

ఇక మూసేసిన ఫైళ్ళు. మా పిల్ల కేసులో ఇన్నేళ్ళలో ఎంతమంది ఎస్‌ఐలు మారారో నేను లెక్కపెట్టడం మానేశాను. కొత్తవారు వచ్చినప్పుడల్లా ఆ తల్లి వెళ్ళి దండం పెట్టేది. ఆయన ఫైలు తెప్పించుకుని మొదటి పేజీ చూసి, మళ్ళీ మొదటి నుంచీ అడిగేవారు, ఎవరైనా అబ్బాయి ఉన్నాడా అని. ఒకసారి మాత్రం ఒకాయన, "అన్‌డిటెక్టెడ్ అని రాసి మూసేశారమ్మా" అని ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఆమె బయటికి వచ్చి చెట్టు కింద నిలబడి నన్నడిగింది, "మూసేశారంటే దొరికినట్టా టీచరమ్మా?" అని. ఎనిమిది వందల మంది పిల్లలకి వ్యాకరణం చెప్పిన దాన్ని, ఆ వాక్యానికి అర్థం ఎలా చెప్పాలో తెలియలేదు నాకు.

నాలుగు నెలల్లో దొరకని పిల్ల కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్ళాలని, మూడు నెలలకోసారి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ప్రోగ్రెస్ చెప్పాలని 2016 నాటి జువెనైల్ జస్టిస్ రూల్స్‌లో ఉంది. మీ బీరువాలో ఉన్న పాత ఫైళ్ళలో అలా వెళ్ళినవి ఎన్ని? ఆ పిల్లల ఫొటోలు, తప్పిపోయిన పిల్లల వివరాలు పెట్టే ట్రాక్ చైల్డ్ పోర్టల్‌లోకి ఎక్కాయా? జనవరిలో ఆపరేషన్ స్మైల్, జూలైలో ఆపరేషన్ ముస్కాన్ చేస్తున్నారు, హోముల్లో పిల్లల్ని ఫొటోలతో పోల్చి చూడటానికి తెలంగాణ పోలీసులు 2018లోనే దర్పణ్ యాప్ తెచ్చారు. వాటి వల్ల ఇల్లు చేరిన పిల్లలున్నారు, అందుకు చేతులెత్తి మొక్కుతాను. కానీ 2012లో జిరాక్స్ పాంప్లెట్ మీద నల్లగా అచ్చైన ముఖం ఆ కంప్యూటర్లోకి ఎవరైనా ఎక్కిస్తేనే కదా అది వెతికేది! ఆ సంవత్సరాల్లో పక్క జిల్లాల్లో "గుర్తు తెలియని మృతదేహం" అని రాసుకున్నవాటితో పోల్చడానికి ఆ తల్లి రక్తం ఒక్క చుక్క డీఎన్ఏ పరీక్షకి తీసుకోవాలని ఇప్పటిదాకా ఎవరికీ తోచలేదు. ఆమె సిద్ధంగా ఉంది. చచ్చిపోయిందని తెలిసినా ఫరవాలేదు టీచరమ్మా, ఎక్కడో ఒకచోట దీపం పెట్టుకుంటాను అంది నాతో ఒకసారి. ఆ మాట అన్న ఐదు నిమిషాలకే, ఇప్పటికి దానికి పిల్లలు పుట్టి ఉంటారేమో కదా అని కూడా అంది. ఈ రెండు మాటల మధ్య ఆ మనిషి ఇన్నేళ్ళుగా బతుకుతోంది.

మీలో ఎవరు ఆ స్టేషన్లో ఉన్నారో మీకే తెలియదు. అందుకే ఇది అందరికీ రాస్తున్నాను. ఈ నెలలో ఒక రోజు, బందోబస్తు లేని రోజు, పాత మిస్సింగ్ ఫైళ్ళు బయటికి తీయించండి. పద్దెనిమిదేళ్ళ లోపు ఆడపిల్లలవి. ఒక్కొక్కదాంట్లో ఉన్న ఫోన్ నంబరుకి మీరే స్వయంగా ఫోన్ చెయ్యండి. చెప్పడానికి మీ దగ్గర కొత్త సంగతి ఏమీ లేకపోయినా చెయ్యండి. కేసు ఇంకా చూస్తున్నామని చెప్పండి. కొన్ని నంబర్లు పనిచెయ్యవు.

మా పిల్లది పనిచేస్తుంది. పాంప్లెట్ మీద వేసిన నంబరు వాళ్ళ మేనమామది. అతను తర్వాత వేరే ఫోన్ కొనుక్కుని, ఆ సిమ్ అక్కకిచ్చేశాడు. ఆమె దగ్గర ఉన్నది బటన్ల ఫోను. దాంతో ఎవరికీ ఫోన్ చెయ్యదు, ఆమెకి నంబర్లు నొక్కడం రాదు. కూలి డబ్బుల్లోంచి నెల నెలా రీఛార్జ్ మాత్రం తప్పనివ్వదు. సిమ్ చచ్చిపోతే పిల్ల ఏ నంబరుకి చేస్తుంది అంటుంది. కోతకి వెళ్ళేటప్పుడు కవర్లో చుట్టి బొడ్లో దోపుకుంటుంది.

మోగితే ఎత్తుతుంది. ఎప్పుడు చేసినా ఎత్తుతుంది.

మీ
ఒక రిటైర్డ్ తెలుగు టీచరు